ఒక్క సీరియల్ పోర్టున్న చిప్‌కి రెండోది జతచేయడం: బోరు మోటార్ బోర్డు ఉదాహరణగా

గార్లదిన్నె దగ్గర మా మామకు చీనీ తోట ఉంది. బోరు మోటార్‌ని ఫోన్ మెసేజ్‌తో ఆన్, ఆఫ్ చేసే బోర్డు ఒకటి చేసి ఇచ్చాను. ఏటీమెగా 328పి చిప్, దానికో జీఎస్ఎమ్ మాడ్యూల్. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత మూడు ఫేజుల్లో కరెంటు ఎంత లాగుతోందో చూడాలని స్టార్టర్ పక్కన డిజిటల్ మీటర్ పెట్టి, దాన్ని కూడా అదే బోర్డుకు కలిపాను. ఇంట్లో టేబుల్ మీద చక్కగా పనిచేసింది. తోటలో పెట్టిన నాలుగో రోజు డ్రిప్ మెయిన్ పైపు జాయింట్ ఊడింది. మామ ఫోన్ చేశాడు. "ఏమిరా అల్లుడూ, ఆపమని రెండు మార్లు మెసేజ్ పెట్టినాను, నీ డబ్బా పలకలేదు." ఆయన నడిచి షెడ్డుకు చేరేలోపు నీళ్లన్నీ బండిబాట పాలయ్యాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురంలో అలా పోయిన నీళ్లు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

తప్పు చిప్‌ది కాదు, నాది. 328పి లో అసలైన సీరియల్ పోర్టు, అంటే పరికరాలతో ఒక్కో బిట్‌గా మాట్లాడే ద్వారం, ఒక్కటే. దాన్ని ల్యాప్‌టాప్‌లో మెసేజ్‌లు చూసుకోవడానికి అట్టిపెట్టుకుని, జీఎస్ఎమ్‌నీ మీటర్‌నీ రెండు సాఫ్ట్‌వేర్ పోర్టుల మీద, అంటే మామూలు పిన్నులను ప్రోగ్రాంతోనే పోర్టులుగా ఆడించి, నడిపాను. సాఫ్ట్‌వేర్ సీరియల్ పోర్టులు ఎన్ని పెట్టుకున్నా ఒకసారికి వినేది ఒక్కటే. నా ప్రోగ్రాం ప్రతి అర సెకనుకీ మీటర్‌ని అడిగి, జవాబు కోసం 300 మిల్లీసెకన్లు అటువైపే చెవి పెట్టేది. అంటే సగానికి పైగా కాలం జీఎస్ఎమ్‌కి బోర్డు చెవిటిదే. ఆ బోర్డును మళ్లీ మొదటినుంచి కట్టిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర మీటర్ బదులు జీపీఎస్ ఉన్నా, ప్రింటర్ ఉన్నా దారి ఇదే.

ముందు కాగితం మీద: ఎవరు ఎప్పుడు మాట్లాడతారు?

చిప్ కొనకముందే, వైరు కత్తిరించకముందే ఈ పని చేయండి. బోర్డుకు తగిలే ప్రతి పరికరం పేరు రాసి, పక్కన ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఇది అడిగితేనే మాట్లాడుతుందా, అడక్కుండా కూడా మాట్లాడుతుందా?

జీఎస్ఎమ్ మాడ్యూల్ అడక్కుండా మాట్లాడే రకం. మెసేజ్ ఎప్పుడొస్తే అప్పుడు అక్షరాలు కుమ్మరిస్తుంది. జీపీఎస్ కూడా అంతే, మామూలుగా సెకనుకోసారి వరసలు పంపుతూనే ఉంటుంది. మోడ్‌బస్ అనే పద్ధతిలో మాట్లాడే నా డిజిటల్ మీటర్ అలా కాదు. అడిగేదాకా నోరు విప్పదు, అడిగినదానికి ఒక్క జవాబిచ్చి ఊరుకుంటుంది. తప్పులు వెతకడానికి ల్యాప్‌టాప్‌కి పంపే డీబగ్ వరసల్లో వినాల్సిందే లేదు, పంపడమే.

దీన్నుంచి వచ్చే నియమం ఒకటే: అడక్కుండా మాట్లాడేదానికి హార్డ్‌వేర్ పోర్టు ఇవ్వాలి. అడిగితే మాట్లాడేది రెండో రకం పోర్టుతోనైనా సర్దుకుంటుంది. నేను సరిగ్గా దీనికి తలకిందులుగా చేశాను.

ఆ కాగితం మీదే మరో మూడు వివరాలు చేర్చండి: వేగం ఎంత బాడ్ (సెకనుకు ఎన్ని బిట్లు), ఒక్కసారికి వచ్చే అతి పొడవైన సమాచారం ఎన్ని బైట్లు, పారిటీ (తప్పు పట్టడానికి ప్రతి బైట్‌కీ చేర్చే అదనపు బిట్) ఉందా లేదా. నా మీటర్ విషయంలో అడిగే ప్రశ్న 8 బైట్లు. మూడు ఫేజుల కరెంటుకు వచ్చే జవాబు 17 బైట్లు. 9600 బాడ్ దగ్గర ఒక బైట్‌కి దాదాపు 1.04 మిల్లీసెకను పడుతుంది కాబట్టి జవాబు మొత్తం 18 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. దానికి 300 ఎందుకు కాచుకున్నానో ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

రెండో పోర్టుకు ఉన్న దారులు

కొత్త డిజైన్ అయితే, రెండు పోర్టులున్న చిప్ తీసుకోవడమే అన్నిటికన్నా మంచి దారి. ఏటీమెగా 2560 లో నాలుగున్నాయి. ఎస్‌టీఎమ్32ఎఫ్103సీ8 లోనూ, ఈఎస్‌పీ32 లోనూ మూడేసి. ఆర్‌పీ2040 లో రెండు. 8051 కుటుంబంతో అలవాటున్నవాళ్లకు ఏటీ89ఎస్52 లో ఒక్కటే ఉంటుందని తెలిసిందే. అదే కుటుంబంలో ఎస్‌టీసీ12సీ5ఏ60ఎస్2 కి రెండున్నాయి. ఈఎస్‌పీ32 వాడేవాళ్లకు ఒక మాట: రెండో పోర్టు, అంటే యూఏఆర్‌టీ 1, డీఫాల్ట్‌గా వాడే 9, 10 పిన్నులు మామూలు మాడ్యూళ్లలో లోపలి ఫ్లాష్ మెమరీకి పోయి ఉంటాయి. వాటిని ముట్టుకుంటే బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది. ప్రోగ్రాంలో వేరే పిన్నులకు మార్చుకోండి.

బోర్డు ఇప్పటికే చేసేసి ఉంటే మిగిలేవి సాఫ్ట్‌వేర్ పోర్టు, దాదాపు అదే కొలతల్లో దొరికే 328పీబీ, లేదా బయటి బ్రిడ్జ్ చిప్. 74హెచ్‌సీ4052 లాంటి మల్టీప్లెక్సర్ పెట్టి ఒకే పోర్టును అటూ ఇటూ తిప్పే పద్ధతి కూడా ఉంది. రెండు పరికరాలూ అడిగితేనే మాట్లాడేవైతే అది చవకగా పని కానిస్తుంది. ఒక్కటి అడక్కుండా మాట్లాడేదైనా, తిప్పినప్పుడల్లా దాని మాట పోతుంది. నా రోగానికి అది మందు కాదు.

సాఫ్ట్‌వేర్ పోర్టుతోనే సరిపెట్టుకోవాలంటే

కొత్త చిప్ చేతికొచ్చేలోపు నేను మొదట చేసిన మరమ్మతు ఇదే. ఇప్పటికిప్పుడు పని కావాలంటే ఇక్కడినుంచి మొదలుపెట్టండి.

జీఎస్ఎమ్‌ని 0, 1 పిన్నులకు, అంటే హార్డ్‌వేర్ పోర్టుకు మార్చండి. ఆర్డ్యునో యూనో (328పి తో వచ్చే రెడీమేడ్ బోర్డు) లో ఇవే పిన్నులు 1 కిలో ఓము రెసిస్టర్ల మీదుగా యూఎస్‌బీ చిప్‌కి కూడా కలిసి ఉంటాయి. కాబట్టి ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు జీఎస్ఎమ్ నుంచి వచ్చే వైరు తీసేయాలి. ఆ వైరు దారిలో ఒక జంపర్ పెట్టుకుంటే ప్రతిసారీ స్క్రూ విప్పే పని తప్పుతుంది.

జీఎస్ఎమ్ వేగం 9600 దగ్గరే కట్టేయండి. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ సీరియల్ ఒక బైట్ వింటున్నంతసేపూ, పంపుతున్నంతసేపూ ఇంటరప్టులన్నీ, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడమని చిప్‌కి వచ్చే పిలుపులన్నీ, ఆపేస్తుంది. 9600 దగ్గర అది సుమారు ఒక మిల్లీసెకను. ఆ కాసేపట్లో హార్డ్‌వేర్ పోర్టు రెండు బైట్లను తనలో దాచుకోగలదు, మూడోది లోపలికి జరుగుతూ ఉండగలదు, అంతే. జీఎస్ఎమ్ కూడా 9600 లో ఉంటే ఆ సమయంలో వచ్చేది ఒక్క బైట్, ఇబ్బంది లేదు. అదే 115200 లో ఉంటే పదకొండో పన్నెండో వస్తాయి, చాలావరకు నేలపాలు.

మామూలు సాఫ్ట్‌వేర్ సీరియల్ బదులు ఆల్ట్‌సాఫ్ట్‌సీరియల్ లైబ్రరీ వాడితే ఇంకా మేలు. అది టైమర్ 1 సాయంతో నడుస్తుంది, ఇంటరప్టులను అంతసేపు ఆపదు, ఒకేసారి పంపుతూ వినగలదు. యూనోలో వినే పిన్ 8, పంపే పిన్ 9. 10వ పిన్ మీద పీడబ్ల్యూఎమ్ (పల్స్ వెడల్పుతో వేగం, వెలుగు మార్చే సదుపాయం) పోతుంది. మోటార్ రిలే బోర్డులో దాని అవసరం లేదు కాబట్టి నష్టం లేదు.

ఇంకో చిక్కు పారిటీ. సాఫ్ట్‌వేర్ సీరియల్‌కి పారిటీ అంటే ఏంటో తెలియదు. 8 డేటా బిట్లు, పారిటీ లేకుండా, 1 స్టాప్ బిట్, అంతే. మోడ్‌బస్ నియమాల్లో మాత్రం ఈవెన్ పారిటీయే మామూలు సెట్టింగు. మీటర్ మెనూలోకి వెళ్లి పారిటీ తీసేశాకే ముందుకు కదలండి. మీటర్ పలకడం లేదని వైర్లన్నీ మార్చి మార్చి చూసి ఒక పూట పోగొట్టుకున్నాక నాకు ఈ సంగతి తెలిసింది.

మెసేజ్‌లు నేరుగా సీరియల్ మీదకు రాకుండా సిమ్‌లో నిలిచేలా జీఎస్ఎమ్‌ని సెట్ చేయండి. మెసేజ్ కబురు ఎలా రావాలో చెప్పే సీఎన్ఎమ్ఐ ఆదేశంలో 2,2 బదులు 2,1 ఇస్తే చాలు. ఇక కొత్త మెసేజ్ వచ్చిందన్న కబురు దారిలో పోయినా మెసేజ్ పోదు. నిమిషానికోసారి సిమ్‌లో ఏమైనా ఉందా అని మనమే చూసి, చదివి, తుడిచేయాలి. తుడవడం మరిచిపోతే సిమ్ నిండిపోయి కొత్తవి రావు. మామ తోటలో ఆ రోజు ఈ ఒక్క సెట్టింగు ఉన్నా మోటార్ కాస్త ఆలస్యంగానైనా ఆగి ఉండేది.

328పీబీకి మారడం

నా బోర్డుకు చివరికి కుదిరింది ఇదే. 328పీబీ దాదాపు 328పి లాంటిదే, కానీ అసలైన సీరియల్ పోర్టులు రెండున్నాయి. 28 కాళ్ల పొడవు ప్యాకేజీలో ఇది రాదు. 32 కాళ్ల చదరపు చిప్‌గా ఉంటుంది, సోల్డరింగ్‌కి సన్న మొన, ఫ్లక్స్, ఓపిక కావాలి. పాత బోర్డులో చదరపు 328పి ఉంటే దాని చోటే కూర్చుంటుంది. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. పాత చిప్‌లో 3వ కాలు గ్రౌండ్, 6వ కాలు సప్లై. కొత్తదానిలో ఆ రెండూ మామూలు పిన్నులు, పీఈ0, పీఈ1. పాత బోర్డులో అవి గ్రౌండ్‌కీ సప్లైకీ అతుక్కునే ఉంటాయి. ప్రోగ్రాంలో వాటిని అవుట్‌పుట్‌గా పెట్టకండి, పెడితే ఆ పిన్ కాలిపోయే ప్రమాదం ఉంది.

రెండో పోర్టు పంపే పిన్ పీబీ3, వినే పిన్ పీబీ4. ఆర్డ్యునో లెక్కలో 11, 12. ప్రోగ్రామర్‌తో చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే గీతలు కూడా ఇవే. మీటర్‌కి పోయే ఆర్‌ఎస్485 (రెండు తీగల సీరియల్ లైను) చిప్ అవుట్‌పుట్‌ని నేరుగా పీబీ4 కి కలిపేస్తే ఒకే తీగను ఇద్దరు చెరో వైపు లాగినట్టవుతుంది, ప్రోగ్రాం ఎక్కదు. మధ్యలో ఒక కిలో ఓము రెసిస్టర్ పెడితే చిప్‌దే పైచేయి అవుతుంది. అది లేకపోవడంతో మొదటిసారి నాకు చిప్ గుర్తుపట్టలేదన్న ఎర్రర్ వచ్చి, చిప్పే పోయిందనుకున్నాను.

ప్రోగ్రాం ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో చిప్ పేరు 328పీబీ అనే ఎంచుకోవాలి. రెండింటి గుర్తింపు సంఖ్యలో చివరి బైట్ వేరు. ఆర్డ్యునోలో మినీకోర్ అనే బోర్డు ప్యాకేజీ వేసుకుంటే రెండో పోర్టు సీరియల్ 1 పేరుతో సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు పారిటీ కూడా హార్డ్‌వేర్‌లోనే వస్తుంది, మీటర్ మెనూతో పనిలేదు.

వేగం లెక్క ఒకసారి చేతితో వేసి చూడండి, మంచి అలవాటు. చిప్ గడియారం వేగం 16 మెగాహెర్ట్జ్‌ని 16 తోనూ 9600 తోనూ భాగించి ఒకటి తీసేస్తే 103.17. రిజిస్టర్‌లో, అంటే చిప్ లోపలి సెట్టింగు గడిలో, 103 వేస్తాం, వచ్చే తేడా 0.2 శాతం. అటూ ఇటూ 2 శాతం లోపు ఉంటే నిశ్చింత. ఆ గడియారానికి బయట క్రిస్టల్ లేకుండా చిప్ లోపలి ఆర్‌సీ ఆసిలేటర్‌తో నడపాలనుకునేవాళ్లు మే నెల ఎండలో రేకు షెడ్డు లోపల డబ్బా ఎంత వేడెక్కుతుందో ఒకసారి చేయి పెట్టి చూడండి. వేడితో ఆ ఆసిలేటర్ వేగం మారుతుంది. పది రూపాయల క్రిస్టల్ దగ్గర పొదుపు వద్దు.

బయటి బ్రిడ్జ్ చిప్

చిప్ మార్చే వీలు లేనప్పుడు, లేక మూడో నాలుగో పోర్టు కావాల్సొచ్చినప్పుడు ఎస్‌సీ16ఐఎస్750 లాంటి చిప్ పనికొస్తుంది. ఐ2సీ లేదా ఎస్‌పీఐ గీతల మీద మన చిప్‌తో మాట్లాడుతూ అవతల ఒక పూర్తి సీరియల్ పోర్టునిస్తుంది. 752 అయితే రెండు. పంపడానికి 64, వినడానికి 64 బైట్ల నిల్వ దానిలోనే ఉంటుంది, కాబట్టి మన ప్రోగ్రాం కాస్త ఆలస్యమైనా మాట పోదు. ఐ2సీలో 16 చిరునామాలు పెట్టుకోవచ్చు. ఇది 3.3 వోల్టుల చిప్, ఆ వోల్టేజీ బోర్డులకు నేరుగా సరిపోతుంది.

దీనితో మొదట తడబడేది రిజిస్టర్ నంబరు దగ్గరే. నంబరును మూడు బిట్లు ఎడమకు జరిపి పంపాలి. జరపకపోతే చిప్ జవాబిస్తున్నట్టే ఉంటుంది, విలువలు మాత్రం అర్థంకావు. అందుకే మొదటి పరీక్షగా 7వ నంబరు స్క్రాచ్ రిజిస్టర్‌లో ఏదో ఒక విలువ రాసి తిరిగి చదవండి. అదే తిరిగొస్తేనే తర్వాతి పని. 14.7456 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న బోర్డు అయితే 9600 కి భాజకం సరిగ్గా 96, తేడా సున్నా. ఆర్‌ఎస్485 దిశను తనే మార్చుకునే సదుపాయం కూడా ఇందులో ఉంది.

వైరింగ్

ఒకరి టీఎక్స్ (పంపే పిన్) రెండోవారి ఆర్ఎక్స్ (వినే పిన్) కి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. ఇది అందరికీ తెలిసిందే, అయినా బోర్డు పలకనప్పుడు మొదట ఇదే చూడండి.

వోల్టేజీ దగ్గర మాత్రం నిదానించాలి. సిమ్800ఎల్ తరహా మాడ్యూల్ సిగ్నల్ 2.8 వోల్టులే. 5 వోల్టుల మీద నడిచే ఏటీమెగా ఒక పిన్‌ని ఒకటిగా ఒప్పుకోవాలంటే డేటాషీట్ ప్రకారం 3 వోల్టులుండాలి. టేబుల్ మీద 2.8 తో కూడా పనిచేస్తుంది, అదే మోసం. ఎండ, పొడుగు వైరు, పక్కనే మోటార్‌ని ఆన్ చేసే కాంటాక్టర్ చేరేసరికి అక్షరాలు తప్పుతాయి. బీఎస్ఎస్138 తో చేసిన చిన్న లెవెల్ షిఫ్టర్ మధ్యలో పెట్టండి. మాడ్యూల్‌కి 3.4 నుంచి 4.4 వోల్టుల సప్లై కావాలి, సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కో క్షణం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. దాని కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉండాలి.

మీటర్ వైపు ఆర్‌ఎస్485 కి మాక్స్485 పెట్టాను. పంపాలా వినాలా అని దిశ చెప్పే డీఈ, ఆర్ఈ కాళ్లు రెండూ కలిపి ఒక పిన్‌కి ఇచ్చి, అక్కడినుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓములు. చిప్ రీసెట్‌లో ఉన్నప్పుడు కూడా లైను మీద ఎవరూ అరవకుండా అది చూసుకుంటుంది. విన్నది మన చిప్‌కి అందించే ఆర్ఓ కాలి దగ్గర సప్లైకి ఇంకో 10 కిలో ఓములు తప్పనిసరి. మనం పంపుతున్నప్పుడు ఆ కాలు గాలిలో వేలాడుతుంది, సప్లైకి లాగే ఆ రెసిస్టర్ లేకపోతే చిత్తు బైట్లు లోపలికి దూరి మీటర్ జవాబు ముందు చేరతాయి. లైను రెండు చివర్లా 120 ఓములు పొడవు వైర్లకు వేయాలి. షెడ్డు లోపలి రెండు మీటర్ల వైరుకు నేను వేయలేదు.

ఒక్కొక్కటిగా పరీక్ష

పరికరాలేవీ కలపకముందు కొత్త పోర్టు టీఎక్స్, ఆర్ఎక్స్ పిన్నులను ఒక జంపర్ వైరుతో కలిపేయండి. పంపిందే తిరిగి రావాలి. జంపర్ తీస్తే ఆగిపోవాలి. రెండోది కూడా చూడాలి, లేకపోతే వేరే పోర్టు జవాబును చూసి మురిసిపోతాం.

ఆసిలోస్కోప్ లేనివాళ్లకు ఒక చక్కటి ఉపాయం ఉంది. ఇంగ్లీషు పెద్ద బడిలో యూ అక్షరాన్ని విరామం లేకుండా పంపండి. ఆ అక్షరం బిట్లు, స్టార్ట్, స్టాప్‌తో కలిపి, సున్నా ఒకటి సున్నా ఒకటి అని వరసగా పడతాయి. 9600 బాడ్‌కి అది 4800 హెర్ట్జ్ చదరపు అల. హెర్ట్జ్ కొలిచే మామూలు మల్టీమీటర్‌ని టీఎక్స్ పిన్ మీద పెడితే 4800 దగ్గర చూపించాలి. నా బోర్డు 4807 చూపించింది, 0.2 శాతం తేడా అంటే అదే. 2400 చూపిస్తే ప్రోగ్రాం ఊహించిన క్రిస్టల్ ఒకటి, బోర్డు మీద ఉన్నది ఒకటి అని అర్థం. ఈ పరీక్ష హార్డ్‌వేర్ పోర్టుకే ఖచ్చితంగా కుదురుతుంది, సాఫ్ట్‌వేర్ పోర్టులో అక్షరాల మధ్య సందు ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది.

తర్వాత మీటర్ ఒక్కటే, ఆ తర్వాత జీఎస్ఎమ్ ఒక్కటే, చివరికి రెండూ ఒకేసారి. ఈ చివరిదే నేను మొదటిసారి వదిలేసిన పరీక్ష. మీటర్‌ని ఎడతెగకుండా అడుగుతూ, ఇంట్లోవాళ్ల ఫోన్ల నుంచి కూడా వరసగా యాభై మెసేజ్‌లు పంపించండి. పొడవైనవి, 160 అక్షరాలవి కూడా కలపండి. ఎన్ని పంపామో, బోర్డు ఎన్ని చదివిందో కాగితం మీద టిక్ పెట్టుకోండి.

ప్రోగ్రాంలో కాచుకోవడం ఉండకూడదు

రెండు హార్డ్‌వేర్ పోర్టులున్నా ప్రోగ్రాం ఒక చోట ఆగి నిలబడితే పాత కథే. ఆర్డ్యునో వినే బఫర్ (వచ్చిన బైట్లు దాచే చోటు) 64 బైట్లు. 9600 దగ్గర అది 67 మిల్లీసెకన్లలో నిండుతుంది. ఆపైన వచ్చింది పోతుంది. మీటర్ జవాబు కోసం 300 మిల్లీసెకన్లు డిలే పెట్టి కూర్చుంటే మెసేజ్ తల మిగిలి తోక తెగుతుంది, అసలు ఆదేశం ఉండేది తోకలోనే. బఫర్‌ని 256 కి పెంచుకోవచ్చు, ఉన్న 2 కేబీ ర్యామ్‌లో అది భారం కాదు. కానీ అసలు మందు లూప్‌ని ఆగకుండా తిప్పడం: ప్రతి చుట్టులో జీఎస్ఎమ్ నుంచి వచ్చిన బైట్లన్నీ తీసుకో, మీటర్ నుంచి వచ్చినవి తీసుకో, గడువు దాటిందా చూసుకో, ముందుకు పో. మీటర్ కోసం మూడు స్థితులు చాలు: అడగాలి, వింటున్నాను, పూర్తయింది.

ఆర్‌ఎస్485 పంపే వైపు, చివరి బైట్ పిన్ దాటి పూర్తిగా బయటికి పోయాకే దిశ మార్చాలి. ఆర్డ్యునోలో, అన్నీ పోయేదాకా ఆగే ఫ్లష్ పిలిచి, ఆ తర్వాతే డీఈ పిన్‌ని కిందికి దించండి. తొందరపడితే సీఆర్‌సీ (తప్పు పట్టడానికి ప్రశ్న చివర చేర్చే లెక్క) చివరి బైట్ తెగిపోతుంది, మీటర్ మౌనంగా ఉండిపోతుంది, మనం వైర్లను అనుమానిస్తూ ఉంటాం.

చివరగా మూడు లెక్కలు ప్రోగ్రాంలో పెట్టాను: సీఆర్‌సీ తప్పినవి, గడువులోపు మీటర్ జవాబివ్వనివి, బఫర్ నిండి పోయినవి. బోర్డుకు స్టేటస్ అని మెసేజ్ పెడితే మూడు ఫేజుల కరెంటుతో పాటు ఈ మూడు సంఖ్యలూ తిరిగొస్తాయి. తోటలో బిగించాక వారం రోజులు రోజుకోసారి అడిగాను. సీఆర్‌సీ తప్పులు మోటార్ ఆన్ అయినప్పుడల్లా ఒకటో రెండో పెరుగుతున్నాయి. కాంటాక్టర్ కాయిల్ మీద 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఏసీ కెపాసిటర్ వరసగా కలిపి వేసి, మీటర్ వైరును మోటార్ కేబుల్‌కి జానెడు దూరం జరిపాక ఆగిపోయాయి. ఇప్పుడు మామే అప్పుడప్పుడూ స్టేటస్ పెట్టి, ఏ ఫేజులో కరెంటు తగ్గిందో నాకు ఫోన్ చేసి చెబుతున్నాడు.